ఎగరకముందే వినబడిన పాలపిట్ట

నాచారం,
జులై 7

పాలపిట్ట ఉపగ్రహం కట్టిన కాలేజీ పిల్లలకు,

ప్రభువు నామంలో వందనాలు. నా పేరు బెంజమిన్. రైల్వేల వైర్‌లెస్ పని చేసి రిటైరైన. ఇప్పుడు లైసెన్సు తీసుకొని ఇంట్ల హామ్ రేడియో నడుపుతున్న. మీ ఉపగ్రహం ఏ ఫ్రీక్వెన్సీల పలుకుతదో మా క్లబ్బు నోటీసుల చదివిన. ఇయ్యాల పొద్దుగాల 8.10కి విన్న. మోర్స్‌ల తన పేరు తానే చెప్పుకుంట పోయింది. మస్తు స్పష్టం! విన్నోళ్లకు కార్డు పంపుడు మన రివాజు గదా. మొదటి కార్డు నాకే కావాలె. మా గోడకు అరవై దేశాల కార్డులున్నయి, ఘట్‌కేసర్‌ది లేదు.

ఇట్లు,
బెంజమిన్

తా.క.: మా ఇంటామె హన్నా గూడ విన్నది. ఆమెకు వేరే కార్డు అక్కర్లేదు.

ఘట్‌కేసర్,
జులై 10

గౌరవనీయులైన బెంజమిన్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరానికి మా జట్టంతా ఉప్పొంగిపోవాలి. కాని చిన్న చిక్కుంది. పాలపిట్ట ఇంకా ఎగరలేదు. రాకెట్ వచ్చే ఏడాది. ఈ ఉత్తరం రాస్తుండగా అది నా ఎదుటే, టిఫిన్ డబ్బా అంత చెక్కపెట్టెలో, మహా నిశ్శబ్దంగా ఉంది. మీరు మరేదో విని ఉంటారు. వినని దానికి కార్డు ఇవ్వడం న్యాయం కాదు.

భవదీయురాలు,
గౌతమి, జట్టు కార్యదర్శి

తా.క.: ఆ వేళకు ఇంట్లో కుక్కర్ ఏమైనా పెట్టారా?

నాచారం,
జులై 14

కార్యదర్శి గౌతమికి వందనాలు.

కుక్కర్ మాట హన్నాకు చదివి వినిపించిన. "మన కుక్కర్‌కు మోర్స్ వస్తదా? అడుగు ఆ పిల్లను!" అన్నది. నలభై ఏండ్లు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నోణ్ణి బిడ్డా. వారం దినాలు రాసి పెట్టిన. పొద్దుగాల 8.10కి మొదలైతది, ఉప్పల్ దిక్కు పోయి సన్నబడుతది. సాయంత్రం 5.40కి మళ్లొస్తది. కార్డు ఇయ్యబుద్ధి కాకుంటే గట్లనే రాయి. అబద్ధం ఏందికి?

బెంజమిన్

తా.క.: నిన్న ఆదివారం రికార్డింగ్ పెట్టి చర్చికి పోయినం. వచ్చి సూస్తే ఏం లేదు. అది గూడ చర్చికి పోయిందేమో.

ఘట్‌కేసర్,
జులై 17

బెంజమిన్ గారికి,

ఉపగ్రహం భూమిని తొంభై నిమిషాల్లో చుట్టేస్తుంది. కాలేజీ వేళలు చూసుకుని రాదు. దయచేసి ఇక రాయకండి. మా దుఃఖం మాకుంది. స్టీలు టేపు ముక్కలతో యాంటెన్నాలు చేసుకుని, మూడేళ్లు పొదుపుగా కట్టుకున్నాం. ఇప్పుడేమో రాత్రి నిండా చార్జ్ చేసిన బ్యాటరీ పొద్దున పరీక్షించేసరికి సగమవుతోంది. కారణం అంతుపట్టడం లేదు. 25న తనిఖీ. అప్పటికి తేలకపోతే రాకెట్‌లో మా చోటు ఇంకో కాలేజీకి ఇచ్చేస్తారు. భయంతో పాలపిట్టను ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలడం లేదు.

గౌతమి

తా.క.: అబద్ధం అన్నారు. ఆ మాట చాలా బాధించింది.

నాచారం,
జులై 22

గౌతమికి, అర్జంటు.

మీ పాలపిట్టను ఎవరో ఎత్తుకపోతున్రు! ఇయ్యాల చేతి యాంటెన్నా పట్టుకొని, సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తదో ఎతుక్కుంట బస్ స్టాపుకు పోయిన. "ఏంది తాతా, దోమల బ్యాటా?" అన్నడు ఆటో దుర్గేష్. ఒక పిల్ల బ్యాగు దిక్కు తిప్పితేనే సిగ్నల్ గట్టిగ వచ్చింది. ఆమె ఎన్క నేను గూడ బస్సెక్కిన. కండక్టర్ ఆ పిల్లను ఆధార్ అడిగిండు.

"మర్చిపోయిన అన్నా. ఉపగ్రహం పని మీద పోతున్న."

"నువ్వు చంద్రుడి మీదికే పో, ఆధార్ సూపెట్టు."

ఆఖరికి ఫోన్ల ఉన్నది సూపెట్టి జీరో టికెట్ తీసుకున్నది. మీ ఉపగ్రహం ఉచితంగ పోయింది. ఘట్‌కేసర్‌ల దిగింది. ఆనవాళ్లు: ఎర్ర బ్యాగు, పెద్ద కండ్లద్దాలు, ఎడమ చెప్పుకు పిన్నీసు. జర జల్ది పట్టుకోండి.

బెంజమిన్

తా.క.: పిల్ల మంచిదే. నాకు సీటు ఇచ్చింది. కొట్టకండి.

ఘట్‌కేసర్,
జులై 26

బెంజమిన్ తాతయ్యకు,

మీరు చెప్పిన ఆనవాళ్లతో దొంగ వెంటనే దొరికింది. ఈ ఉత్తరం రాస్తున్నది ఆమే.

పాలపిట్టను భద్రంగా ఉంచాలని రోజూ మీ నాచారంలోనే ఉన్న మా ఇంటికి తీసుకెళ్తున్నాను. దాని అడుగున ఒక మీట ఉంది. రాకెట్ నుంచి బయటపడగానే ఆ మీట పైకి లేచి, ఉపగ్రహం పలకడం మొదలుపెట్టాలి. ఇంట్లోనూ ల్యాబ్‌లోనూ చెక్కపెట్టెలు మీటను నొక్కి ఉంచుతాయి. దారిలోనే పెట్టె లేదు. నా బ్యాగులో పడిన ప్రతిసారీ అది అంతరిక్షం వచ్చేసిందనుకుని తన పేరు చాటుకుంటోంది. బ్యాటరీ కరిగిపోతోంది.

మీటకు క్లిప్పు బిగించాం. నిన్న తనిఖీ నెగ్గాం. మీ చెవులను అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాను. మొదటి కార్డు జతచేశాను.

మీ దొంగ,
గౌతమి

తా.క.: కార్డులో 'భూమి నుంచి ఎత్తు' అనే గడి ఖాళీగా వదలకూడదట. బస్సు మెట్లతో కలిపి ఏడడుగులని రాశాను.