నిలబడి నింపే తుపాకి

నెల్లికుదురు,
జూన్ 1969

ఎల్లేశ్‌కు పెద్దబాపు రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. జనగామలో తెలంగాణ ఊరేగింపులో నీ దోస్తుకు పోలీసు తూటా తగిలిందని, మీ బాపు వాడిన భర్మార్ తుపాకి పంపమని అడిగావు. పంపను.

భర్మార్‌లో మందూ గుండూ గొట్టం మూతి నుంచే పోసి, చువ్వతో దట్టించాలి. అందుకు మనిషి లేచి నిలబడాలి. ఆనాటి సాయుధ పోరాటంలో దొర మనుషుల పాత రైఫిళ్లలోనూ అదే తుపాకిమందు. కానీ వాటికి తూటా వెనక నుంచి పెడతారు, పడుకునే పెట్టొచ్చు. మేము ఒకటి కాల్చేలోగా వాళ్లు ఐదు కాల్చేవారు.

మీ బాపు ఒక గుండు కాల్చి, మళ్లీ నింపడానికి లేచి, తూటా తగిలి పోయాడు. ఇంతవరకు నీకు తెలుసు.

దొర గడి నుంచి గుంజుకొచ్చిన రైఫిల్ మా దళంలో ఒకటి ఉండేది. ఆ పొద్దున మీ బాపు, "అన్నా, ఇయ్యాల గా రైఫిల్ జర నాకియ్యరాదే" అన్నాడు.

"నీకింకా గురి కుదరలే. భర్మారే పట్టుకో" అన్నాను.

అతను లేచినప్పుడు నేను పక్కనే పడుకుని తూటా పెట్టుకుంటున్నాను.

భర్మార్‌ను నిన్న బావిలో పడేశాను. ఈ ఉత్తరం మీ అమ్మకు నువ్వే చదివి వినిపించు. ఇరవై ఏళ్లుగా నాకు నోరు రాలేదు.

పెద్దబాపు