ఎర్ర బండి మీద జె, క్యు

రేపల్లె, మంగళవారం

బసవేశ్వరరావు బావగారికి ఏసుపాదం నమస్కరించి రాయునది.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పోయినసారి మీరు పంపిన అక్షరాలు ఎస్, టి. ఆ రెండూ ఉన్న ఇంగ్లీషు మాటలు మా వీధి కుక్కని అడిగినా నాలుగు చెబుతుంది. రేపల్లె పాసింజర్లో ఏళ్ళ తరబడి ఎదురెదురుగా కూర్చుని, ఏ చుట్టరికం లేకపోయినా బావా బావా అనుకుంటూ, రైలు గేటు దగ్గర ఆగిన బళ్ళ నెంబర్లలో అక్షరాలు ఏరుకుని ఆడిన ఆటకి ఇదా మీరిచ్చే మర్యాద? రిటైరయ్యాక, ఫోన్లో ఆడితే వేలు దానంతటదే గూగుల్ మీదికి పోతుందని, ఈ ఉత్తరాల పద్ధతి పెట్టిందీ మీరే.

సరే. మొన్న బాపట్లలో మా అమ్మాయి రాహేలు ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు ఎర్ర మోటారుసైకిలు. నెంబరులో జె, క్యు. ఆ రెండూ ఉన్న మాట చెప్పండి చూద్దాం.

ఇట్లు,
ఏసుపాదం

తా.క. మనవరాలు క్రిస్టినాకి చేబ్రోలు సంబంధం ఖాయమైనట్టే. పై నెల మొదట్లో తాంబూలాలకి వస్తామన్నారు. అబ్బాయి నోట్లో మాట లేదు గాని నెమ్మదస్తుడు.

*

తెనాలి, శనివారం

ఏసుపాదం బావగారికి బసవేశ్వరరావు నమస్కారాలు.

జె, క్యు కలిసి ఉన్న మాట ఇంగ్లీషువాడు పుట్టించలేదు. రెండు పూటలు అన్నం సహించలేదు. మా ఆవిడ కనకదుర్గ "ఏంటండీ ఆ గొణుగుడు? కొత్తగా మంత్రం తీసుకున్నారా?" అంది. నాకు తెలిసి అలాంటి నెంబరే ఉండదు. మీరు కళ్ళజోడు మార్చుకోవాలి. అనుమానం వస్తే అక్షరాలిచ్చినవాడు వెళ్ళి మళ్ళీ చూసి రావాలన్నది మన రూలు. వెళ్ళండి.

ఉంటాను,
బసవేశ్వరరావు

తా.క. సాయంత్రం ఆరు దాటాక వెళ్ళండి. ఎండలో నెంబరు పలక మెరిసి అక్షరాలు తప్పు కనపడతాయి.

*

రేపల్లె, గురువారం

బావగారికి,

వెళ్ళాను. రూలు రూలే. ఆరుంబావుకి బండి అక్కడే ఉంది. ఈ కాలం కుర్రాళ్ళు బళ్ళ మీద అక్షరాలు వంకరగా రాయిస్తారని ఎవరో అంటే విన్నాను, అందుకని వేలితో తడిమి మరీ చూశాను. జె, క్యు. ఇంతలో క్రిస్టినా బయటికొచ్చి "ఏంటి తాతయ్యా, బండి కొంటావా?" అంది.

"ఎవరిదమ్మా?"

"కొరియర్ అబ్బాయిది తాతయ్యా."

చీకటిపడే వేళ కూడా కొరియర్! దేశం ముందుకు పోతోంది. ఆ అబ్బాయి లోపల మజ్జిగ తాగుతున్నాడు. నన్ను చూడగానే లేచి, వంటింటి తలుపు వెనక నుంచి మడత కుర్చీ తెచ్చి వేశాడు. ఆ కుర్చీ అక్కడుంటుందని నాకే తెలియదు.

మాట చెబుతారా, ఓడిపోయానంటారా?

ఇట్లు,
ఏసుపాదం

తా.క. పార్సిలేదీ కనపడలేదు.

*

తెనాలి, సోమవారం

ఏసుపాదం బావగారికి,

నేను ఒప్పుకోను. కొరియర్ వాళ్ళు నెంబరు పలకలు ఎక్కడ చేయించుకుంటారో ఎవరికి తెలుసు? బండి తోలేవాణ్ణే అడగండి. తన బండి మీది అక్షరాలకి తనే మాట చెప్పగలిగితే నేను ఓడినట్టు. చెప్పలేకపోతే మన ఆట ఇంతటితో సరి. నిలబెట్టి అడక్కండి. తొందరపెడితే ఎవరికీ మాట తోచదు. కూర్చోబెట్టి, నెమ్మదిగా, అవీ ఇవీ మాట్లాడి అప్పుడు అడగండి.

ఉంటాను,
బసవేశ్వరరావు

తా.క. అబ్బాయి మనిషి ఎలా ఉంటాడు? ఆటకి సంబంధం లేదు, ఊరికే.

*

రేపల్లె, శుక్రవారం

బావగారికి,

మీరు ఓడిపోయారు. అడగ్గానే "జకార్డ్ అండి తాతగారూ. చీరాల మగ్గాల మీద పూలు నేయడానికి బిగిస్తారు చూడండి, అది" అన్నాడు. పలికితే క్యు వినపడదు గాని రాయించి చూశాను, ఉంది. ఆ తరువాత నేను ఒక్కో జత అక్షరాలిస్తే అతను మూడేసి మాటలు చెప్పాడు. రేపల్లె బస్సు వెళ్ళిపోయింది, అయినా లేవబుద్ధి కాలేదు. చేబ్రోలు అబ్బాయికి ఫోన్లో రెండక్షరాలిస్తే "ఇవెందుకండి?" అన్నాడు. అప్పట్నుంచీ మనసు కొంచెం అదోలా ఉంది.

ఇట్లు,
ఏసుపాదం

తా.క. మనిషి పొడుగు. ఆలోచించేటప్పుడు అచ్చం మీలాగే ఎడమ చెవి లాక్కుంటాడు. కొరియర్ వాడికి కూడా మీ జబ్బే!

*

తెనాలి, మంగళవారం

ఏసుపాదం బావగారికి,

ఓడిపోయాను. జకార్డు అన్న మాట మీ మొదటి ఉత్తరం అందిన పూటే తోచింది. ఆ బండి నేను కొనిచ్చిందే. వాడు మా మనవడు సాత్విక్. మీరు వాణ్ణి నిక్కర్లలో చూశారు. ఇప్పుడు బాపట్లలోనే బ్యాంకులో చేస్తున్నాడు.

క్రిస్టినాని తప్ప చేసుకోనంటున్నాడు. "వాళ్ళు లూథరన్ క్రైస్తవులు, మనం వేరు, ఏసుపాదం ఒప్పుకోడ్రా" అన్నాను. "మీ స్నేహితుడే కదా తాతయ్యా, అడిగితే ఏం పోయింది?" అన్నాడు. స్నేహితుడు కాబట్టే అడగలేకపోయాను. మీరు కాదంటే, ఆ తరువాత మీకు అక్షరాలు ఏ మొహంతో పంపను? అందుకని వాణ్ణి మీ కళ్ళతో మీరే చూడాలని, మిమ్మల్ని బాపట్ల తిప్పాను.

ఇష్టం లేకపోతే ఎప్పటిలాగే రెండక్షరాలు రాసి పంపండి. నేను ఇక ఈ సంగతి ఎత్తను.

ఉంటాను,
బసవేశ్వరరావు

తా.క. కనకదుర్గకి చెబితే కొన్నాళ్ళు కంచం నా ముందు ఠప్పున పెట్టి పోయేది. నిన్న మాత్రం "ఆ పిల్ల గోంగూర తింటుందా?" అని అడిగింది.

*

బాపట్ల, ఆదివారం

బసవేశ్వరరావు గారికి,

మీ ఉత్తరం చదివితే మీ మీద కోపం వచ్చింది. నన్ను ఊరూరా తిప్పినందుకు కాదు, అడగడానికి జంకినందుకు. ఆ తరువాత ఆలోచించాను. ఆ కుర్రాణ్ణి చూడకముందు అడిగి ఉంటే, నిజంగానే కాదనేవాణ్ణి.

క్రిస్టినాని కూర్చోబెట్టి అడిగాను. "ఇన్నాళ్ళకి నన్ను అడిగావా తాతయ్యా!" అని ఏడ్చింది. రాహేలుకి ముందే తెలుసట. తెలియంది నాకొక్కడికే. మా సంఘంలో అనేవాళ్ళు అంటారు, మీ వీధిలో అనేవాళ్ళు అంటారు. పక్కపక్కన కూర్చుని విందాం. చేబ్రోలు నేనే వెళ్ళి చెప్పి, క్షమించమన్నాను. ఆ అబ్బాయి "పర్లేదండి" అన్నాడు. మంచివాడే.

ఈ ఉత్తరంలో అక్షరాలేమీ పంపడం లేదు.

ఇట్లు,
మీ బావ,
ఏసుపాదం

తా.క. ఈ మధ్యాహ్నం సాత్విక్ వచ్చాడు. రాహేలు అన్నం పెట్టింది. మారు అడిగి వడ్డించుకున్నాడు. పెరుగు చాల్లేదు. నేను వెళ్ళి తెచ్చాను.