దించని గంప

రాజక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చివరిదాకా నువ్వు తిట్టిన పన్ను నిన్న ఆగింది.

గోదావరి అవతలి నుంచి వచ్చే మీ కూరగాయల గంపలకు మా ఖని మార్కెట్లో తైబజారు పన్ను రెట్టింపు చేశారు కదా. దానికి బదులుగా మీ ఊరి అంగడిలో మేం భుజాన మోసుకొచ్చే గాజుల మలారాలకు మీవాళ్లూ రెట్టింపు వేశారు. ఇప్పుడు రెండువైపుల పెద్దమనుషులు కూర్చుని మాట్లాడుతున్నారు. ఆ మాటలు ఒక కొలిక్కి వచ్చేదాకా పెంచిన పన్ను ఎవరూ అడగొద్దని ఒప్పుకున్నారు.

పొద్దున్నే నా పక్కన నీ చోటు ఊడ్చి గోనెసంచి పరిచాను. బొగ్గుబాయి మొదటి షిఫ్టు సైరన్ మోగాక నీ కోడలు బీరకాయలతో వచ్చింది. కానీ కూర్చోలేదు. గంపైనా మలారమైనా నేలకు తాకితేనే పన్ను కదా మన రెండువైపులా. గంపను చంకనే పెట్టుకుని, పన్ను వసూలుకు వచ్చేవాళ్ల కోసం గేటు వైపు చూస్తూ, నిలబడే అమ్మింది.

"దించు బిడ్డా, ఇప్పుడెవ్వరు అడుగరు" అన్నాను.

"ఆపిన్రంతే గద చిన్నత్తా, తీసెయ్యలే" అంది.

కోప్పడ్డాను. తలొంచుకుంది గానీ గంప దించలేదు.

రేపు మీ అంగడి. పొద్దటి నుంచి మలారం కట్టాను, విప్పాను, మళ్లీ కట్టాను. దాన్ని భుజాన ఉంచుకుని ఒకరి చేతికి గాజులెట్లా తొడగాలె, అక్కా?