జవాబు కోసం ఆగడం

దోహా, గురువారం రాత్రి

ఇవాళ అధ్యాపకుల వర్క్‌షాప్‌లో తోటి లెక్చరర్లు విద్యార్థుల్లా కూర్చుంటే నేను పాఠం చెప్పాను. ప్రశ్న అడగడం, ఎవరూ నోరు తెరవకముందే జవాబు కూడా నేనే చెప్పేయడం. వెనక వరసలోంచి కరీంనగర్ శారదక్క తెలుగులోనే అరిచింది. "ఏంది పిల్లా, మా నోట్లకెల్లి గుంజుకుంటున్నవ్! జర ఆగరాదు?" అర్థం కాని వాళ్ళు కూడా నవ్వారు. ట్రైనర్ నవ్వలేదు. ఆదివారం మళ్ళీ చెప్పి చూపించాలట. అప్పుడూ ఆగలేకపోతే ఈ సెమిస్టర్ నాకు సొంత క్లాసు రాదు.

వరల్డ్ కప్ కోసం రోడ్లన్నీ తవ్వేశారు. బస్సు ఎక్కడెక్కడో తిరిగి నేనుండే ముఐథర్ పేటకి చేర్చింది. దారి పొడవునా ఎవరితోనూ మాట్లాడలేదు. తాళం తీస్తూ, "అన్నం వండనా? వద్దులే, బ్రెడ్డుందిగా" అనుకున్నాను, పైకే. ఈ అలవాటు నాకు ఒక్కదాన్నే ఉండే ఈ గదిలోనే పట్టుకుందని అప్పుడు తెలిసింది.

ఇందాక గోడకెదురుగా నిలబడి పాఠంలో మొదటి ప్రశ్న అడిగి ఆగాను. పక్క ఫ్లాట్‌లో కుక్కర్ కూత వేసింది. ఎంతోసేపు ఆగలేకపోయాను, జవాబు నేనే చెప్పేశాను.

శారదక్కకు ఫోన్ చేసి, "రేపొకసారి వచ్చి నా ముందు కూర్చుంటావా అక్కా?" అని అడగాలనుకున్నాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. సెలవు రోజు, పిల్లలు, వంట, ఆవిడకెక్కడ కుదురుతుందిలే అని నేనే చెప్పేసుకుని పక్కన పెట్టేశాను.