వానకి పెరిగిన తేనె

నాన్నా,

నేను కులాసా. "కష్టపడి చేసిన పనంతా ఊరందరికీ పంచిపెట్టేస్తావేమిటే?" అని బెంగపడుతూ రాశావు. ఇది విను.

మేం తొమ్మిదిమంది పరిశోధకులం ప్రతి మంగళవారం కూడి ఒకరికొకరం నేర్పుకుంటాం. మాస్టారంటూ ఎవరూ లేరు. ఒకరి పనిని ఇంకొకరు, రాసిపెట్టిన కాగితం మాత్రమే చూసి, మొదటినుంచీ మళ్లీ చేయాలి. ఆ పని మొదట చేసిన మనిషి పక్కనే నోరు మూసుకుని కూర్చోవాలి. తేనెటీగల పెట్టెల్ని రోజూ తూచి, పెరిగిన బరువును బట్టి తేనె ఎంత చేరిందో గీత గీయడం నా పని. మొన్న ఆ బరువుల కాగితం మాలో మట్టి పరీక్షలు చేసే పెద్దాయన చేతికి వెళ్లింది. గంటసేపు కుస్తీ పట్టి, "వాన పడితే తేనె పెరుగుతుందా తల్లీ?" అన్నాడు. కొంప మునిగింది! తడిసిన చెక్క బరువెక్కుతుంది కాబట్టి వాన రోజుల లెక్క వదిలేయాలన్నది నా బుర్రలోనే ఉండిపోయింది, కాగితం మీదికి రాలేదు. అందరూ పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఒక్క ముక్క రాశాక ఆయన మళ్లీ చేస్తే అచ్చం నా గీతే వచ్చింది! చప్పట్లే చప్పట్లు. పంచిపెట్టకపోతే ఆ లోటు నాకెప్పటికి తెలిసేది?

వంటింటి కుళాయి కారడం ఆగిందా? అమ్మ కళ్లజోడు మార్పించావా, ఇంకా రేపూ మాపూ అంటున్నావా? తమ్ముణ్ణి నా గొడుగు వాడుకోమను, పోగొట్టొద్దని మాత్రం చెప్పు. అమ్మకి ముద్దులు, నీకు దణ్ణాలు.

ఒక్క పని మరవకు. నువ్వు బాగుచేసిన ప్రతి గడియారంలోనూ, రేపు విప్పేవాడికి తెలియాలని, ఏం మార్చావో చీటీ రాసి పెడతావు కదా, అలాంటిదొకటి పంపు. అన్నీ రాసి పంచే ఈ బుద్ధి ఎవరు నేర్పారని పెద్దాయన అడిగితే మా నాన్న అన్నాను. ఇక్కడ రుజువు చూపందే ఎవరూ నమ్మరు.

నీ పెద్దపిల్ల