బొట్టు పెట్టిన నాలుగు డిస్కులు

అక్టోబర్ 3, శుక్రవారం

సర్వర్ నుంచి మెయిల్. నాలుగు హార్డ్ డిస్కుల్లో ఒకటి చావబోతోందట. పేరు ఎస్‌డీసీ. సీరియల్ నంబర్ కూడా ఇచ్చింది. భయం లేదు. ఒకటి పోతే మిగిలిన మూడూ కలిసి, కొత్తదాంట్లో దాని సరుకంతా మళ్ళీ రాసేస్తాయి. అలా కట్టింది నేనే. నంబర్ చూసి పాతది లాగి కొత్తది పెట్టడమే. పది నిమిషాల పని.

అక్టోబర్ 4, ఉదయం 11

పది నిమిషాల పని కాదు.

పెట్టె తెరిచాను. డిస్కులు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒక్కదానికీ నంబరున్న లేబుల్ లేదు. ఆ చోట పసుపు, పసుపు మీద కుంకుమ.

అమ్మ తమ్ముడు పరమేశ్ మామ మా పేట ఉధ్నాలో మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళన్నీ వీడియో తీస్తాడు. ఏటా దసరాకు కెమెరాలకు పూజ. ఈసారి సర్వర్‌ను కూడా ఆపి, డిస్కులు ఊడదీసి పీట మీద పెట్టాడట. అవీ పనిముట్లే కదా అన్నాడు. ముందురోజు గర్బా ఆడొచ్చి మధ్యాహ్నం దాకా పడుకోవడం నా తప్పు.

మా బాపమ్మ బుచ్చవ్వ వాటిని చూసి, ఏందిరా గీ మాసిన కాయిదాలు అని కొబ్బరినూనె రాసి గోటితో గీకేసిందట. తుడవకుండ బొట్టు పెడ్తరా, మీ కాలేజిల గిట్లనే చెప్పిండ్రా అని ఎదురు నన్నే అడిగింది. డిస్కు మీద చిన్న రంధ్రం, దీన్ని మూయరాదని ఇంగ్లీషులో హెచ్చరిక ఉంటాయి. బొట్టు సరిగ్గా ఆ రంధ్రం మీదే. నాలుగింటికీ.

ఏది ఏ అరలోదో నా దగ్గర చీటీ ఉంది. మామ మాత్రం శుభమని పీటకు కుడివైపు నుంచి ఒక్కోటీ అందుకొని చేతికొచ్చిన అరలో పెట్టుకుంటూ వచ్చాడు.

అదే రోజు, సాయంత్రం

పెట్టెలో పదకొండేళ్ళ పెళ్ళిళ్ళు. రెండు వందల పన్నెండు. ఎప్పుడొచ్చి అడిగినా మళ్ళీ ఇస్తానన్నది మామ అందరికీ ఇచ్చిన మాట. ఇంతకుముందు అవన్నీ విడి డిస్కుల్లో, బియ్యం డబ్బాలో ఉండేవి. మామను ఏడిపించి ఇందులో పోయించి, ఆ పాతవి అమ్మించింది నేను. బీసీఏ అయి ఏడాది, ఈ ఇంట్లో నా డిగ్రీ అంటే ఈ పెట్టె ఒక్కటే.

మంచిదాన్ని లాగానంటే రెండు పోయినట్టు. అప్పుడు ఒక్క పెళ్ళీ మిగలదు. కాపీ చేద్దామంటే అంత చోటు లేదు. ఆపి ఒక్కొక్కటీ విడిగా చూద్దామంటే పూజ తర్వాత మూడోసారికి గాని లేవలేదు. ఈసారి ఆపితే లేస్తుందన్న నమ్మకం లేదు.

మామ, ఉధ్నాల తలెత్తుకొని తిరుగుడు ఇగ ఉండదు బిడ్డా అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

అక్టోబర్ 5

స్క్రిప్ట్ రాశాను. ఒక్కో డిస్కును ఐదు సెకన్లు ఆగకుండా చదివిస్తుంది, ఐదు సెకన్లు వదిలేస్తుంది. పనిచేసే డిస్కు వణుకుతుంది. చెయ్యి వేసి పట్టుకోవచ్చు. భలే తెలివి.

నాలుగూ వణికాయి. కింద బల్ల వణికింది. గోడ వణికింది. గ్లాసులో చాయ్ వణికింది. మా కింది అంతస్తులో ముప్పై ఆరు మరమగ్గాలు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇల్లు వణుకుతోందని నాకు ఈరోజే తెలిసింది.

అక్టోబర్ 6

పది నిమిషాలు మగ్గాలు ఆపమని కింద సేఠ్‌ను అడిగాను. బేన్, మేరీ మా మరీ తబ్ భీ చాలూ థా అన్నాడు. వాళ్ళమ్మ పోయినరోజు కూడా నడిచాయట, కరెంటు పోతే తప్ప ఆగవట.

అక్టోబర్ 7

కరెంటు పోవాలని మొక్కుకున్నాను. అది పోతే సర్వర్ కూడా ఆగిపోతుందని అరగంట తర్వాత తట్టింది. మొక్కు వెనక్కి తీసుకున్నాను.

అక్టోబర్ 8

ఎర్రర్లు నిన్న నలభై. ఇవాళ తొమ్మిది వందలు.

మెట్ల మీద సోమలింగం అన్న కనిపించాడు. కింద మగ్గాలు నడిపే నలుగురిలో ఒకడు, సిరిసిల్ల వైపు మనిషి. కాసేపు మగ్గాలు ఆగకపోతే పెళ్ళిళ్ళన్నీ పోతాయని, అతనిదీ అందులోనే ఉందని చెప్పేశాను. నాకు నెత్తి మీద ఎంటికలుండె అనేటందుకు గదొక్కటే సాక్ష్యం చెల్లే, మా ఇంటిది ఇప్పటికే నమ్ముతలేదు అన్నాడు.

మగ్గాల దగ్గర ఒకరు చాయ్‌కి పోతే మిగతావాళ్ళు అతని మగ్గాలు చూసుకుంటారు. అందరూ ఒకేసారి పోవడం ఉండదు. రేపు నాలుగింటికి ఉంటది అన్నాడు.

అక్టోబర్ 9, సాయంత్రం 6

నాలుగింటికి మగ్గాలు ఆగాయి. ఒక్కసారిగా కాదు, వరసలు వరసలుగా. ఆ నిశ్శబ్దానికి వీధిలో కుక్కలు లేచి నిలబడ్డాయి. స్క్రిప్ట్ మొదలుపెట్టాను. నా చేతికి ఏమీ తెలియలేదు, నాకు నా గుండే వినబడుతోంది. బాపమ్మ నన్ను జరుగు జరుగు అని నెట్టేసి కూర్చుంది. ముప్పై ఏళ్ళు మగ్గాలకు నూలు కండెలు చుట్టిన చెయ్యి. కళ్ళు మూసుకుంది.

ఎస్‌డీఏ అన్నాను. కింది నుంచి రెండోది అంది. ఎస్‌డీబీ. అన్నిటికన్న మీదిది. ఎస్‌డీడీ. అడుగుది. ఎస్‌డీసీ అన్నాను. మిగిలినదాని మీద చెయ్యి వేసి, ఇది వణుకుతలేదే, దగ్గుతున్నది అంది.

మళ్ళీ చేశాం. మూడుసార్లూ అదే మాట.

అంతలో సేఠ్ స్ట్రైక్ అనుకొని మెట్లెక్కి వస్తున్నాడు. సోమలింగం అన్న చాయ్ గ్లాసుతో అడ్డం నిలబడి, కడుపులో గడబడ్ సేఠ్, నలుగురికీ గడబడ్ అంటున్నాడు. మామ గోడవైపు తిరిగి చెవులు మూసుకున్నాడు. కళ్ళు మూసుకోవాల్సిందేమో, ఆయన ఇష్టం.

లాగాను.

స్క్రీన్ మీద మూడు పచ్చగా ఉన్నాయి. కొత్తది పెట్టాను. ఒక శాతం. మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి.

అక్టోబర్ 11

నూరు శాతం. ఏమీ పోలేదు. నమ్మకం కోసం ఒక ఫైల్ తెరిచాను. ఎవరి పెళ్ళో. బాపమ్మ పక్కన చేరింది. పిల్లగాడికి నవ్వడం రాదని తిట్టింది. అప్పగింతల దగ్గర కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఎవలే వీళ్ళు అంది. తెలియదన్నాను. ఇంకోటి పెట్టు అంది.