రాసే చెయ్యి కుడి, పిలిచే చెయ్యి ఎడమ

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా ఎడమ మోచేతి లిగమెంట్ల ఆపరేషను "తొందర లేని" జాబితాలో చేరుట, దానిని సరిచేయ కోరుట గురించి.

తాపీ పని చేసుకునే నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. ఎనిమిది నెలల క్రితం గోడకు పూత వేస్తూ పరంజా మీద నుంచి పడగా నా ఎడమ మోచెయ్యి కీలు తప్పినది. తమ ఎముకల డాక్టరు గారు కీలును సర్ది, లోపల ఎముకను ఎముకతో పట్టి ఉంచే లిగమెంట్లు రెండు తెగినవని, మూడు వారాల్లో ఆపరేషను చేసి అతకాలని చీటీ రాసిరి.

2. చీటీ తీసుకుని పన్నెండో నంబరు గదికి వెళ్ళగా అక్కడి గుమాస్తా గారు ఫారం నింపుతూ, ఏ చేత్తో రాస్తావని అడిగిరి. నేను కుడి అని చెప్పితిని. అది నిజమే. నేను పుట్టు ఎడమచేతివాటం వాడిని. బడిలో పంతులు గారు నా ఎడమ చేతిని బల్లకు కట్టేసి అక్షరాలు కుడిచేత్తో దిద్దించారు. ఆ చేతికి అక్షరాలు తప్ప ఇంకేమీ రాలేదు. తాపీ పట్టడం, తాళం తియ్యడం, మేకు కొట్టడం అన్నీ ఎడమే. ఫారంలో మాత్రం "వాటం: కుడి" అని పడింది.

3. అంతటితో, దెబ్బ తగిలినది వాటం కాని చేతికేనని, నా పేరు తొందర లేని వాళ్ళ జాబితాలోకి పోయినది. తేదీ మూడుసార్లు మారినది. సరిచేయమని పోతే గుమాస్తా గారు అర్జీ పెట్టుకోమన్నారు. పెట్టాను. దాన్ని చూసి, "ఇంత గుండ్రంగా రాస్తున్నావు, చెయ్యి బాగానే ఉందిగా? ఇంకెందుకయ్యా కంగారు?" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. కాస్త ఉంది.

4. ఇది అర్జీలో రాయదగిన సంగతో కాదో తెలియదు. మా ఆవిడ పుట్టుకతో చెవిటిది, చదువు లేదు. పంతొమ్మిదేళ్ళుగా మా ఇద్దరికీ చేతులతోనే మాటలు. ఎవరూ నేర్పింది కాదు, మేం కల్పించుకున్నది. పెళ్ళినాడు ఆమె జడ కుడి భుజం మీద నుంచి ముందుకు వేసుకుని ఉంది. కాబట్టి ఎడమ చెయ్యి మడిచి కుడి భుజం మీద పెట్టి కిందికి జార్చితే అది ఆమె పేరు. వాళ్ళ చెల్లెలి జడ ఎడమ భుజం మీద ఉండేది. కుడి చెయ్యి ఎడమ భుజానికి పోతే అది మా మరదలు.

5. మరదలు పోయి మూడేళ్ళయింది.

6. చెయ్యి పట్టీలో బిగించిన మొదటి వారంలో, వంటింటి గుమ్మంలో నిలబడి, తెలివితక్కువగా కుడి చెయ్యి ఎడమ భుజం మీద నుంచి జార్చి మా ఆవిడను పిలిచాను. ఆమె చేతిలో పళ్ళెం కింద పెట్టి, వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఆ తర్వాత చాలాసేపు గిన్నెలు తోముతూనే ఉంది, తోమినవే మళ్ళీ తోమింది.

7. ఆనాటి నుంచి నేను ఆమెను పేరు పెట్టి పిలవలేదు. కుడి చెయ్యి ఏ భుజానికి పోయినా ఆమెకు చెల్లెలే గుర్తొస్తుంది. కాలితో నేల తడతాను. అదురు తెలిసి చూస్తుంది. గొడ్డును అదిలించినట్టుంటుంది నాకు. మిగతా మాటలకు కుడిచెయ్యి తిప్పుతాను గానీ, అది పరాయివాడి చెయ్యిలా తడబడుతోందని ఆమే చెప్పింది. క్రమంగా చెప్పడం తగ్గించాను. ఆమె అడగడం మానేసింది. తమ ఫారంలో "పనికి ఆటంకం" అని గడి ఉన్నది, మాటకు గడి లేదు.

8. ఇప్పుడు కీలు బిగుసుకుపోయిందని, తెగిన కొసలు అతకవని, వేరే చోట నుంచి కండను ఎముకకు కట్టే నారను తీసి వెయ్యాలని, ఇంకా ఆలస్యమైతే ఆపరేషను చేసినా చెయ్యి పూర్తిగా మడవడం కష్టమని డాక్టరు గారు సెలవిచ్చిరి. ఆ నార కుడి ముంజేతి నుంచి తీస్తారట. నిరభ్యంతరంగా తీసుకోవచ్చును. ఇంత చేసింది ఆ చెయ్యే.

కావున తమరు దయతలచి ఫారంలో నా వాటము "ఎడమ" అని దిద్దించి, మారని తేదీ ఒకటి ఇప్పించవలసినదిగా ప్రార్థన. ఒక మనిషి మాట ఆగిపోయిన సంగతిగా దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తొందర లేని జాబితాలో 217వ వాడు

తా.క.: ఇది రాస్తుండగా మా ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. కాగితాలు చూసి, "ఇన్ని మాటలు ఎవరికి?" అని అడిగింది. చెప్పడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమె పట్టీ విప్పి, నా ఎడమ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా నా కుడి భుజం వైపు తీసుకుపోయింది. తన పేరే. భుజానికి జానెడు దూరంలో చెయ్యి ఆగిపోయింది. ఆమె బలవంతం చెయ్యలేదు, అలాగే పట్టుకుని కూర్చుంది. అయ్యా, నేను అడుగుతున్నది ఆ జానెడే.